సీసా మూత తీసే ముందు

చిట్టితల్లికి,

బాబుకి ఆటిజం అని డాక్టరు గారు తేల్చి చెప్పిన దగ్గర్నుంచి నువ్వు సరిగ్గా అన్నం తినడం లేదనీ, రాత్రి పొద్దుపోయేదాకా ఫోనులో ఏవేవో చదువుతూ కూర్చుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు నన్ను అడిగింది మాత్రం ఒక్కటే. "వాళ్ళూ వీళ్ళూ చెప్పిన సప్లిమెంట్లు వాడికి మొదలుపెట్టనా పెద్దమ్మా?" అని. ఊ అనో ఊహూ అనో ఫోనులో తేల్చేసే మాట కాదని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా ఊళ్ళు తిరిగి, పిల్లల బరువులు తూయించి, తల్లుల చేతికి ఐరన్ సిరప్ ఇప్పించి రిటైరైనదాన్ని. పిల్లల తిండి గురించీ, తల్లుల కంగారు గురించీ కాస్తో కూస్తో తెలుసు. ఆ చనువుతోనే చెబుతున్నాను.

ముందు నీ మనసులో ఉన్న ముల్లు తీసెయ్. వాడికిది నీ వంట వల్ల రాలేదు. కడుపుతో ఉన్నప్పుడు నువ్వు ఏం తిన్నావో, ఏం మానేశావో ఇప్పుడు తవ్వుకోకు. ఆటిజం మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. అందులో జన్యువుల పాత్ర చాలా పెద్దది. మీ అత్తగారు ఏదైనా అంటే, పెద్దావిడ బాధ కొద్దీ అన్నదని ఊరుకో. కానీ నీలో నువ్వు మాత్రం ఆ మాటని నమ్మకు. తప్పు చేశానన్న దిగులున్న తల్లికి ఎవరేది చూపించినా కొనాలనిపిస్తుంది. అమ్మేవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

నేను చెప్పదలుచుకున్నదంతా ఒక్క ప్రశ్నలో ఉంది. ఏ సీసా మూత తీసే ముందైనా "ఇది వాడిలో ఏ లోటు తీర్చడానికి?" అని అడుగు. "రక్తపరీక్షలో ఐరన్ నిల్వ తక్కువ వచ్చింది, అందుకు" అని జవాబు దొరికితే పూట తప్పకుండా వెయ్. "ఆటిజానికి మంచిదట" అన్నదే జవాబైతే ఆ సీసా పక్కన పెట్టు. లోటున్న పిల్లాడికి ఇవ్వకపోవడమూ తప్పే, లోటు లేని పిల్లాడికి పొయ్యడమూ తప్పే.

లోటు ఉండదని నేను అనడం లేదు సుమా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రలో 63 మంది. ఇది మామూలుగా తినే పిల్లల్నీ కలుపుకున్న లెక్క. ఇక మనవాడి సంగతి చూడు. తెల్లగా ఉంటేనే తింటాడు, మెత్తగా ఉంటేనే మింగుతాడు, పెరుగన్నం, బిస్కెట్టు, పాలు తప్ప ఇంకోటి ముట్టడంటున్నావు. అది మొండితనం కాదు. రుచి, వాసన, నోటికి తగిలే గరుకుతనం వాడికి మనకంటే ఎన్నో రెట్లు గట్టిగా తెలుస్తాయి. అలాంటి పిల్లల్లో లోటు ఎంత దూరం పోతుందో డాక్టర్లు రాసిపెట్టారు. నడిచే పిల్లాడు ఉన్నట్టుండి కుంటడం, తర్వాత అడుగు వెయ్యనని మొరాయించడం, ఎముకలకీ వెన్నుకీ స్కానింగులు తీయించడం, చివరికి చూస్తే అది స్కర్వీ. పండూ కూరా ఏళ్ళ తరబడి నోట పెట్టక విటమిన్ సి అడుగంటిపోయింది. ఆ విటమిన్ ఇస్తే అలాంటి పిల్లలు కొద్ది వారాల్లో మళ్ళీ నడిచారు. విటమిన్ ఎ లోటుతో చూపు దెబ్బతిన్న పిల్లలూ ఉన్నారు. ఇలాంటి చోట సప్లిమెంటే మందు. దాన్ని కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

అందుకని కొనడం కంటే ముందు చూపించడం. పిల్లల డాక్టరు గారి దగ్గరకి వెళ్ళేటప్పుడు వారం రోజుల పాటు వాడు నోట పెట్టిందంతా ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళు. ఎన్ని పాలు తాగాడో కూడా రాయి. రోజుకి అర లీటరు దాటి పాలు తాగే పిల్లలకి అన్నం మీద ఆకలి పోతుంది, ఐరనూ తగ్గుతుంది. ఎత్తూ బరువూ చూస్తారు. రక్తంలో హిమోగ్లోబినుతో పాటు ఫెర్రిటిన్ కూడా చూడమని అడుగు. ఒంట్లో దాచిపెట్టుకున్న ఐరన్ ఎంతుందో అది చెబుతుంది. హిమోగ్లోబిన్ ఇంకా బాగానే కనబడుతున్నా నిల్వ ఖాళీ అయి ఉండొచ్చు. జ్వరం ఉన్నప్పుడు చేయిస్తే ఫెర్రిటిన్ లేని పెరుగుదల చూపిస్తుంది కాబట్టి జ్వరం తగ్గాక చేయించు. విటమిన్ డి, మాంసం గుడ్డు తినని ఇల్లయితే బి12, ఇవి వాడికి అవసరమో కాదో ఆయన చెబుతారు. వాడు మట్టీ, సున్నపు పెళ్ళలూ, సుద్దముక్కలూ నోట్లో పెట్టుకుంటుంటే సిగ్గుపడి దాచకు. అది ఐరన్ లోటుకి గుర్తు కావచ్చు. పాత రంగుల్లోని సీసం ఒంట్లో చేరే దారీ కావచ్చు. రాత్రుళ్ళు కాళ్ళు కొట్టుకుంటూ దొర్లుతున్నాడన్నావు కదా, అదీ చెప్పు. ఐరన్ నిల్వ తగ్గినా నిద్ర అలా చెడుతుంది.

జుట్టు కత్తిరించి పంపితే ఒంట్లో ఏ ఖనిజం ఎంతుందో చెబుతామనేవాళ్ళూ, ఒక్క రక్తం చుక్కతో వంద పదార్థాలు పడవని జాబితా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. వాటి జోలికి పోకు. ఆ జాబితా పట్టుకుని ఇంటికొస్తే వాడు తినే నాలుగింట్లో మూడు మానిపించాల్సి వస్తుంది.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. వాడికి ఇప్పటికే ఏమేం అందుతున్నాయో లెక్క చూడు. అయిదేళ్ళ లోపు పిల్లలకి అంగన్‌వాడీలో, సబ్‌సెంటర్‌లో వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ ఫోలిక్ సిరప్ ఇస్తారు. అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఆ తర్వాత అయిదేళ్ళు నిండేదాకా ఆర్నెల్లకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ చెంచాతో పోస్తారు. ఏటా ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ నులిపురుగుల మాత్ర వేస్తారు. పురుగులుంటే ఎంత ఐరన్ పోసినా రక్తం పట్టదు. ఇవన్నీ వాడికి అందాయో లేదో టీకాల కార్డు తీసి చూడు. అందకపోతే వేయించు, పైసా ఖర్చు లేదు. అందుతుంటే, వాటి మీద మళ్ళీ కాడ్‌లివర్ ఆయిలు, ఇంకో మల్టీవిటమిను, పాలల్లో కలిపే పొడి, ఇలా పెట్టుకుంటూ పోతే అదే విటమిన్ ఎ మూడు నాలుగు దారుల్లో వాడి ఒంట్లోకి చేరుతుంది. అది మూత్రంలో పోయే సరుకు కాదు, కాలేయంలో పేరుకుంటుంది.

ఇక "ఆటిజానికి" అని అమ్మేవాటి సంగతి. విటమిన్ బి6, మెగ్నీషియం జంట గురించి యాభై ఏళ్ళుగా చెబుతున్నారు. జరిగిన పరిశోధనలన్నీ చిన్నవి. పనిచేస్తుందని చెప్పడానికి ఆధారం చాలదని వాటన్నిటినీ కలిపి పరిశీలించినవాళ్ళు తేల్చారు. చేపనూనె మీద 2011లో అలాగే కూడదీసి చూస్తే, సరిగ్గా పోల్చి చూసిన పిల్లలు రెండు పరిశోధనల్లో కలిపి 37 మందే. తేడా కనబడలేదు. గోధుమలూ పాలూ మానిపిస్తే మాటలొస్తాయంటారు. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలు 14 మందికి ఆ రెండూ మానిపించి, తర్వాత ఎవరికీ తెలియకుండా మళ్ళీ తినిపించి చూశారు. ప్రవర్తనలో గానీ నిద్రలో గానీ మార్పు లేదు. గోధుమ నిజంగా పడని జబ్బు ఉన్నవాళ్ళ మాట వేరు. మనవాడికి పెరుగన్నమే ప్రాణాధారం. అది తీసేస్తే కాల్షియం ఎక్కణ్ణుంచి తెస్తావు?

2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ల్యూకోవొరిన్ పేరు ఎత్తేసరికి అక్కడున్న మనవాళ్ళ దగ్గర్నుంచి ఇక్కడికి ఫోన్ల మీద ఫోన్లు. మీ ఆడపడుచు కూడా నీకు పంపుతానందట. అది సప్లిమెంటు కాదమ్మా, మందు. క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకి దాని విషప్రభావం తగలకుండా ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్నది. మెదడుకి ఫోలేట్ సరిగ్గా అందని కొద్దిమంది పిల్లలకి దాని అవసరం ఉంది. ఆటిజం ఉన్న పిల్లలందరికీ ఇవ్వొచ్చని చెప్పేంత పెద్ద పరిశోధన జరగలేదు. పిల్లల నరాల డాక్టరు గారిని అడుగు. ఆయన రాస్తే వాడు, సూట్‌కేసులో వస్తే వాడకు. ఇక ఒంట్లో పాదరసం లాగేస్తామని ఎక్కించే కీలేషన్ ఉంది చూడు, దాని గడప కూడా తొక్కకు. 2005లో అమెరికాలో ఆ ఇంజెక్షన్‌తోనే ఆటిజం ఉన్న అయిదేళ్ళ పిల్లాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగిపోయింది. లోహభస్మాలు కలిసిన మందులు కూడా చిన్నపిల్లలకి ఎవరు చెప్పినా వెయ్యకు.

"మరి ఫలానా వాళ్ళబ్బాయికి గుణం కనబడిందట కదా" అంటావు. కనబడే ఉంటుంది, ఆ తల్లి అబద్ధం చెప్పడం లేదు. పిల్లలు ఎదుగుతూనే ఉంటారు. ఆటిజం ఉన్న పిల్లలూ ఎదుగుతారు. కొన్నాళ్ళు నిలిచిపోయినట్టుండి, ఉన్నట్టుండి నాలుగు మెట్లెక్కుతారు. ఆ ఎక్కే వారంలో ఏ సీసా చేతిలో ఉంటే పేరంతా దానిదే. దీనికి నాకు బాగా గుర్తున్న ఉదాహరణ సెక్రెటిన్ అనే జీర్ణరసపు హార్మోను. 1998లో ముగ్గురు పిల్లల్లో బాగా పనిచేసిందని ఒక పత్రికలో రాగానే తల్లిదండ్రులు ఎగబడ్డారు. మరుసటి ఏడే 60 మంది పిల్లల్ని తీసుకుని, సగం మందికి ఆ మందూ సగం మందికి ఉత్త ఉప్పునీరూ ఎక్కించారు. ఎవరికేది ఎక్కించారో తల్లిదండ్రులకీ తెలియదు, పిల్లల్ని చూసే డాక్టర్లకీ తెలియదు. ఉప్పునీరు ఎక్కిన పిల్లలూ మందు ఎక్కిన పిల్లలతో సమానంగా మెరుగయ్యారు. ఆ సంగతి చెప్పాక కూడా నూటికి 69 మంది తల్లిదండ్రులు ఆ మందు మీద ఆశ వదులుకోలేదు. వాళ్ళని తప్పుపట్టను. బిడ్డ కళ్ళెత్తి ఒక్కసారి చూస్తే చాలనుకునే తల్లి చూపు అది. కానీ ఆ చూపుతో మందుని కొలవలేం.

"పనిచెయ్యకపోతే పోనీ, నష్టమేముంది, విటమిన్లే కదా" అని అల్లుడు అన్నాడట. అల్లుడికి ఈ సంగతి చదివి వినిపించు. లండనులో ఆటిజం ఉన్న నాలుగేళ్ళ పిల్లాడికి ప్రకృతి చికిత్స చేసేవారెవరో చెప్పారని తల్లిదండ్రులు పన్నెండు రకాల సప్లిమెంట్లు ఇచ్చారు. అందులో విటమిన్ డి ఉంది, ఒంటెపాలున్నాయి, వెండి ద్రావణం ఉంది. పిల్లాడికి వాంతులు, తీరని దాహం, బరువు తగ్గిపోవడం. ఆస్పత్రిలో చూస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగిపోయి ఉంది. రెండు వారాలు వైద్యం చేసి గట్టెక్కించారు. 2016లో ఆ డాక్టర్లే దీన్ని రాసి అచ్చేయించారు. అది పరాయి దేశపు సంగతి అనుకోకు. మన మందుల షాపులో పెద్దవాళ్ళకి వారానికి ఒకటి వేసుకోమని ఇచ్చే విటమిన్ డి పొట్లంలో 60,000 యూనిట్లుంటాయి. ఆ వయసు పిల్లాడికి రోజుకి కావలసింది 600. అంటే ఒక్క పొట్లంలో వంద రోజుల సరుకుంది. వారానికన్నది రోజూ అనుకుని పోసేస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. చుక్కల మందుల్లో కూడా ఒకదాంట్లో మిల్లీలీటరుకి 400 యూనిట్లుంటే ఇంకోదాంట్లో 800 ఉంటాయి. సీసా మారినప్పుడల్లా లేబులు చదువు.

మిగతావీ అంతే. బి6 ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం ఇస్తే చేతులకీ కాళ్ళకీ నరాలు దెబ్బతింటాయి. జింకు ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గి మళ్ళీ రక్తహీనతే వస్తుంది. మెగ్నీషియంతో విరేచనాలు, ఐరన్‌తో మలబద్ధకం. మాటలొచ్చిన పిల్లాడైతే "అమ్మా కడుపులో నొప్పి" అంటాడు. మనవాడికి ఆ మాట ఇంకా రాలేదు. వాడు తల నేలకేసి కొడతాడు, చెయ్యి కొరుక్కుంటాడు, అర్ధరాత్రి లేచి అరుస్తాడు. ఇంట్లో అందరూ దాన్ని ఆటిజం ఎక్కువైందనుకుంటారు. ఇంకెవరో దానికి ఇంకో సీసా చెబుతారు. చిట్టితల్లీ, నేను ఇంతగా వద్దంటున్నది ఇందుకే. మాట రాని బిడ్డకి అవసరం లేనిది ఏదీ పొయ్యకూడదు, చెప్పుకోలేడు కనుక.

డాక్టరు గారు ఇవ్వమని రాసింది మాత్రం శ్రద్ధగా ఇవ్వాలి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకు. ఒకటి మొదలుపెట్టిన తేదీ గోడమీద క్యాలెండరులో రాసుకుని, నిద్ర, విరేచనం, ఆకలి ఎలా ఉన్నాయో రోజూ ఒక ముక్క రాయి. ప్లేస్కూల్ టీచరుకి మందు సంగతి చెప్పకుండా "వీడెలా ఉంటున్నాడు?" అని మాత్రం అడుగుతుండు. ఆమె మాట మన మాట కన్నా నమ్మదగింది. ఐరన్ పాలతో ఇవ్వకు, టీ దగ్గరికి రానివ్వకు. బత్తాయి రసమో నిమ్మరసమో పడితే దానితో ఇవ్వు. డ్రాపరుతో నాలుక వెనక వేస్తే పళ్ళు నల్లబడవు. విరేచనం నల్లగా వస్తుంది, భయపడకు. రక్తం పెరిగిందని వెంటనే ఆపెయ్యకు, నిల్వ నిండేదాకా డాక్టరు గారు చెప్పినన్ని నెలలు పోయాలి. ఫిట్స్ మందు మొదలుపెడితే, ఇచ్చే ప్రతి విటమినూ ఆయనకి చెప్పి తీరాలి. గమ్మీలు చాక్లెట్లలాగే ఉంటాయి, పిల్లాడు డబ్బా అంతా తినేయగలడు. అవీ, ఇంట్లో గర్భిణులకిచ్చిన ఎర్రటి ఐరన్ మాత్రలేమైనా మిగిలి ఉంటే అవీ, తాళం వేసిన అలమరలో ఉండాలి. ఐరన్ ఎక్కువ మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఒక్క విషయం మరీ గట్టిగా చెబుతున్నాను. మందుని వాడు ఇష్టంగా తినే పెరుగన్నంలో దొంగచాటుగా కలపకు. వాడి నాలుకకి ఆ తేడా తప్పకుండా తెలుస్తుంది. ఆ రోజుతో పెరుగన్నం కూడా మానేస్తే, ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. మందుకి వేరే చెంచా, వేరే వేళ, వేరే చోటు పెట్టు. రోజూ అదే వేళకి అదే చోట ఇస్తే అలాంటి పిల్లలు అలవాటు పడతారు. వాళ్ళకి మార్పు కష్టం గానీ క్రమం ఇష్టం.

డబ్బా మీద ఏం రాసుందో కూడా చూడు. సప్లిమెంటుగా అమ్మేవాటి మీద వైద్యానికి వాడటానికి కాదని ఇంగ్లీషులో అచ్చేయించాలని మన ఆహార భద్రతా నిబంధన. ముందువైపు మెదడు బొమ్మ పెద్దదిగా ఉంటుంది, ఈ ముక్క వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. నువ్వు వెనకవైపే చదువు.

తిండి విషయంలో మన వంటింటిని తక్కువ చెయ్యకు. రాగుల్లో వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. జామపండులో వంద గ్రాములకి 200 మిల్లీగ్రాములకి పైగా విటమిన్ సి. ఈ లెక్కలు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసినవి, నీ ఇంటి నుంచి బస్సెక్కితే వచ్చే చోటు. అయితే ఇవి ఉన్నాయని వాడు తినడు కదా. అందుకని వాడు తినేదాని పక్కింటిది వెతుకు. తెల్లటి పెరుగన్నం తింటున్నాడా, అన్నంలో రెండు చెంచాల పెసరపప్పు మెత్తగా ఉడికించి వాడు చూస్తుండగానే కలుపు. అది ఒప్పుకున్నాక కాస్త మినప్పప్పు పెంచి మెత్తటి తెల్లటి ఇడ్లీ పెట్టి చూడు, ఆ తర్వాత గుడ్డు తెల్లసొన. కొత్తది పళ్ళెం అంచున ఊరికే పెట్టి ఉంచు. తినమనకు. పదిసార్లు, పదిహేనుసార్లు కనబడ్డాక ముట్టుకుంటాడు, వాసన చూస్తాడు, నాకి ఉమ్మేస్తాడు. అదంతా ముందడుగే. ముక్కు మూసి మింగించడం, కొట్టి తినిపించడం ఇంట్లో ఎవరూ చెయ్యకూడదు. మీ మామగారికి కూడా చెప్పు, మర్యాదగానే చెప్పు.

ఇక డబ్బు మాట. సప్లిమెంట్లకి నెలనెలా పోసే డబ్బూ, వాటిని గంటగంటకీ తాగించడానికి పట్టే ఓపికా వాడి మాటకీ ఆటకీ పెట్టు. 2016లో గోవాలోనూ రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో జరిగిన ఒక పని నాకు చాలా నచ్చింది. పెద్ద చదువుల స్పెషలిస్టులు కాదు, మా అంగన్‌వాడీ కార్యకర్తల్లాంటి మామూలు మనుషులు శిక్షణ తీసుకుని ఇళ్ళకి వెళ్ళారు. బిడ్డ దేన్ని చూస్తున్నాడో దాన్నే తానూ చూస్తూ, వాడి వెంట ఎలా ఆడాలో తల్లులకి నేర్పారు. ఆ తల్లులకి పిల్లల సైగలు అందాయి, పిల్లలు తమంతట తాము తల్లిని పలకరించడం పెరిగింది. ఇదీ పోల్చి చూసి తేల్చిన సంగతే. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. మన దేశంలో ఆటిజాన్ని కొలవడానికి వాడే ఐసా స్కేలు అక్కడ తయారైందే. ముందు అక్కడికి వెళ్ళు. జిల్లాల్లో ఉన్నవాళ్ళకైతే ప్రభుత్వాసుపత్రుల్లో బాలల సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో చేర్చితే ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీ ఖర్చులకి అండ ఉంటుంది. అల్లుణ్ణి ఈ కాగితాల పని మీద పంపు, నష్టమేముంది అనే ఆలోచన దానంతటదే తగ్గుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఇంట్లో ఉన్న సీసాలూ డబ్బాలూ పొట్లాలూ, మీ అత్తగారు దాచి పోస్తున్న కషాయంతో సహా, అన్నీ ఒక సంచిలో వేసుకుని సోమవారం పిల్లల డాక్టరు గారి బల్ల మీద పెట్టు. ఆయన కోప్పడతారని భయపడకు. ఏది ఏ లోటుకో ఒక్కొక్కటే అడుగు, జవాబు లేనివి అక్కడే వదిలేసి రా. ఫెర్రిటిన్ రిపోర్టు రాగానే అంకె ఎంతో నాకు ఫోన్ చేసి చెప్పు. తక్కువుంటే సిరప్ ఏ వేళకి పట్టించాలో ఇద్దరం కలిసి చూసుకుందాం, బాగుంటే ఆ మిగిలిన డబ్బుతో వాడికొక ఉయ్యాల బల్ల కొను.

ఈ పూట మాత్రం వాడికంటే ముందు నువ్వు అన్నం తిను.

మీ పెద్దమ్మ